మధ్యాహ్నం ఆ మూడు గంటలు ఎవరివి?

క్రితం నెల మా అధ్యయన బృందం కూర్చున్నప్పుడు నేనొక విషయం ఎత్తాను. విని ఒక మిత్రురాలు నవ్వేసింది. "అమెరికా వెళ్ళి థీమ్ పార్కులు తిరిగే ఆడవాళ్ళకు మధ్యాహ్నం కునుకు చాలటం లేదట! అదీ మన పత్రికలో రాయాల్సిన సమస్యేనా?" అంది. ఆమె ఇరవై ఏళ్ళుగా బీడీ కార్మికుల మధ్య పనిచేస్తున్న మనిషి. ఆ మాట అనే హక్కు ఆమెకుంది. అక్కడికక్కడ నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను. ఆమెతో పోట్లాడటానికే రాస్తున్నానని ఎవరైనా అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

2024 జూలైలో ఒక సదస్సు కోసం అమెరికా వెళ్ళాను. అమ్మ అప్పటికే అట్లాంటాలో మా చెల్లెలి దగ్గర ఉంది. పిల్లలకు వేసవి సెలవులు. అందరం కలిసి ఫ్లోరిడా రాష్ట్రంలోని ఆర్లెండోకి అయిదు రోజులు వెళ్ళాం. ఏడు గంటలు మరిదే కారు నడిపాడు. 1971 అక్టోబరులో అక్కడ డిస్నీ వరల్డ్ తెరిచాక ఒక దాని పక్కన ఒకటి పార్కులు లేచి, ఆ ఊరు చాలావరకు వినోదం మీదే బతుకుతోంది. మేం వెళ్ళిన పార్కు పేరు ఇక్కడ అనవసరం. నా ఫిర్యాదు పార్కు మీద కాదు.

ఈ ప్రయాణానికి మా చెల్లెలు మూడు నెలలపాటు ప్రణాళిక వేసింది. ఉద్యోగం చేస్తూనే వేసింది. ఏ రోజు ఏ ఆట ముందు ఎక్కాలి, ఎక్కడ తినాలి, ఎక్కడ శాకాహారం దొరుకుతుంది, అమ్మ ఎంత దూరం నడవగలదు, అన్నీ ఒక కాగితం మీద గళ్ళు గీసి రాసుకుంది. అందులో ప్రతి రోజూ ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఒకటే మాట ఉంది: 'విశ్రాంతి'. ఆ మాట చుట్టూ ఎర్ర ఇంకుతో గీత కూడా గీసింది.

ఇది ఆమె సొంత ఆలోచన కాదు. ఈ పార్కులకు వెళ్ళే కుటుంబాల కోసం రాసే గైడు పుస్తకాలన్నీ ఏళ్ళ తరబడి ఇస్తున్న సలహాయే. పొద్దున్నే గేట్లు తెరిచే వేళకే వెళ్ళండి, ఎండ ముదిరి జనం పెరిగే వేళకు హోటలు గదికి వచ్చేయండి, భోంచేసి పిల్లల్ని పడుకోబెట్టండి, సాయంత్రం మళ్ళీ వెళ్ళి రాత్రి బాణసంచా చూడండి. సలహా మంచిదే. జూలైలో అక్కడ మధ్యాహ్నం ఎండ 33 డిగ్రీలున్నా, గాలిలో తేమకి మన రాజమండ్రి మే నెల గుర్తుకొస్తుంది. చాలా రోజులు సాయంత్రం లోపే ఉరుములతో వాన పడుతుంది. టికెట్టు ఒక్కొక్కరికి రోజుకు 100 డాలర్లు పైనే కాబట్టి, పెట్టిన సొమ్ము రాబట్టుకోవాలనే ఆరాటంలో జనం పసిపిల్లల్ని ఎండలో ఈడ్చుకు తిరుగుతారు. మిట్టమధ్యాహ్నం క్యూలో ఏడవని పిల్లవాడు కనబడడు. అలాంటిచోట ఆగండి, ఊపిరి తీసుకోండి అని చెప్పడం మనుషుల మాటే.

కానీ ఆ సలహాలో కర్త ఎవరో చూడండి. 'గదికి వచ్చేయండి, పిల్లల్ని పడుకోబెట్టండి, విశ్రాంతి తీసుకోండి.' ఈ 'మీరు' ఎవరు? పడుకోబెట్టే మనిషీ పడుకునే మనిషీ ఒకరే ఎలా అవుతారు?

మొదటి మూడు రోజులూ నేను ఈ ప్రశ్న వేయలేదు. ఒప్పుకోవాల్సిన సంగతి ఇది. శ్రమ విభజన మీద పరిశోధన చేసి డాక్టరేటు పుచ్చుకున్న నేను, ఆ మూడు మధ్యాహ్నాలూ తిని, ఏ.సి. గదిలో దుప్పటి ముసుగేసుకుని నిద్రపోయాను. పక్క మంచం మీద మరిది నిద్రపోయాడు. మెలకువ వచ్చేసరికి నీళ్ళ సీసాలు నింపి ఉండేవి, పిల్లల తడిబట్టలు ఆరి మడతలు పడి ఉండేవి, అమ్మ మాత్రలు వేసేసుకుని ఉండేది. ఇవన్నీ ఎవరు చేశారని నేను అడగలేదు. మగవాళ్ళు ఎందుకు అడగరని పాతికేళ్ళుగా రాస్తున్నాను. ఆడదాన్నయి ఉండీ నేనూ అడగలేదు.

మూడో రోజు రాత్రి, బాణసంచాకి ఇంకా గంట ఉందనగా, చెల్లెలు క్యూలో కళ్ళు తిరిగి కూలబడింది. అక్కడి ప్రథమ చికిత్స కేంద్రానికి తీసుకెళ్ళారు. నర్సు చల్లటి గుడ్డ వేసి, నీళ్ళు తాగించి, చాలా నెమ్మదిగా ప్రశ్నలు వేసింది. "మధ్యాహ్నం విశ్రాంతి తీసుకున్నారా?" అన్న ప్రశ్నకు మరిది వెంటనే సమాధానమిచ్చాడు. "తీసుకున్నామండీ. రోజూ మూడు గంటలు బ్రేక్ తీసుకుంటున్నాం." అబద్ధం చెప్పలేదతను. తనకు తెలిసిన నిజమే చెప్పాడు. నర్సు అతని వైపు కాకుండా చెల్లెలి వైపు చూసి "మీరు పడుకున్నారా?" అని మళ్ళీ అడిగింది. చెల్లెలు మాట్లాడలేదు. మూల కుర్చీలో కూర్చున్న అమ్మ, ఇంగ్లీషు అంతంత మాత్రంగా అర్థమయ్యే అమ్మ, తెలుగులో అంది: "పడుకోలేదని చెప్పవే. ఎందుకు సిగ్గు?"

సిగ్గు! ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. విశ్రాంతి దొరకనందుకు సిగ్గుపడాల్సింది ఆమేనా?

మర్నాడు నేను నిద్రపోలేదు. నోటు పుస్తకం పట్టుకు కూర్చున్నాను. ఊళ్ళల్లో ఆడవాళ్ళ పనిగంటలు లెక్కగట్టడానికి మేం వాడే పద్ధతే ఇది. గదిలోకి అడుగు పెట్టింది ఒంటిగంటా ఇరవై అయిదుకి. మళ్ళీ బయల్దేరింది నాలుగుంబావుకి. మొత్తం 170 నిమిషాలు. అందులో చెల్లెలు బియ్యం కడిగి కుక్కర్లో పెట్టి, ఇద్దరు పిల్లలకూ స్నానాలు చేయించడానికి 25 నిమిషాలు పట్టింది. (ఎలక్ట్రిక్ కుక్కరు, కందిపొడి, ఆవకాయ సీసా సూట్‌కేసులో లేకుండా మనవాళ్ళు అట్లాంటా దాటరు.) పిల్లలకు తినిపించి అందరికీ వడ్డించడానికి 30. తను నిలబడి తినడానికి 10. చిన్నవాణ్ణి నిద్రపుచ్చడానికి 35. తడిబట్టలు కింద అంతస్తులోని లాండ్రీ గదికి తీసుకెళ్ళి, మిషన్లో వేసి, ఆరబెట్టి తేవడానికి రాకపోకలకే 20. ఫోనులో సాయంత్రం ఆటల వేళలు మార్చి, రాత్రి భోజనానికి చోటు ఖాయం చేయడానికి 15. సీసాలు, సన్‌స్క్రీన్, గొడుగులు, అమ్మ మాత్రలు సర్దడానికి 20. పిల్లల్ని లేపి ముస్తాబు చేయడానికి 15. కూడి చూసుకోండి, 170 వస్తుంది. ఆమె వీపు మంచానికి ఆనింది చిన్నవాడి పక్కన వాలిన ఆ 35 నిమిషాలే. అదీ వాడి నిద్ర కోసం. వాడు కదిలితే జోకొట్టడానికి ఒక చెయ్యి ఎప్పుడూ మేలుకునే ఉంది. ఇంట్లో వాళ్ళ లెక్కలో మాత్రం 'అమ్మ కూడా తమ్ముడితోపాటు పడుకుంది.'

మరిది చెడ్డవాడు కాడు. ఇది వ్యక్తుల మంచిచెడ్డల గొడవ అయితే నేను రాసేదాన్నే కాదు, ఫోన్ చేసి నాలుగు చీవాట్లు పెట్టి ఊరుకునేదాన్ని. అతను కారు నడిపాడు, బరువులు మోశాడు, పెద్దదాన్ని ఓ అరగంట ఈతకొలను దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను లెక్క చూపిస్తే నిజంగానే ఆశ్చర్యపోయి, "వదినా, తను నాకొక్క మాట చెప్పొచ్చుగా?" అన్నాడు. సరిగ్గా ఇదే మాట కరీంనగర్‌లో విన్నాను, విజయవాడలో విన్నాను, మా విశ్వవిద్యాలయం క్వార్టర్లలో విన్నాను. చెప్పొచ్చుగా! ఏ పని ఎప్పుడు కావాలో గుర్తుంచుకోవడం, దాన్ని ఇంకొకరికి పురమాయించడం, చేశారో లేదో చూసుకోవడం, ఇదంతా కూడా పనే కదా. ఆ పని ఆమెకే వదిలేసి, మిగిలినదాంట్లో 'సాయం' చేస్తామనే ఉదారతకు పితృస్వామ్యంలో చాలా మర్యాద ఉంది.

అమెరికన్ సామాజికవేత్త ఆర్లీ హోచ్‌షీల్డ్ 1989లో 'ద సెకండ్ షిఫ్ట్' అనే పుస్తకం రాసింది. ఉద్యోగం చేసే భార్యలు ఇంటికొచ్చి మరో షిఫ్టు చేస్తారని, ఆ అదనపు పని ఏడాదికి కూడితే ఇరవై నాలుగు గంటల రోజులతో ఒక నెల అవుతుందని అందులో లెక్క చెప్పింది. అది వాళ్ళ దేశం సంగతి అనుకోనక్కర్లేదు. మన జాతీయ గణాంక కార్యాలయమే 2019లో కాల వినియోగ సర్వే చేసింది. ఇంటివాళ్ళ కోసం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు అందులో గడుపుతున్నారని తేల్చింది. 2024లో మళ్ళీ చేస్తే 289, 88 అయింది. మన పని పది నిమిషాలు తగ్గింది, వాళ్ళది తొమ్మిది నిమిషాలు తగ్గింది. అయిదేళ్ళ 'ప్రగతి' ఇదీ! ఇందులో ఇంకో మెలిక ఉంది. ఇవి ఆ పని అసలు చేసినవాళ్ళ సగటులు. ఇంటిపని ముట్టుకోని మగవాళ్ళు ఈ 88లోకి రానే రారు.

సెలవు అంటే ఈ 289 నిమిషాలు ఆగిపోవడం అని మనం అనుకుంటాం. ఆగవు, ఊరు మారతాయి. నా చిన్నప్పుడు మా కుటుంబం చేసిన ప్రయాణాలన్నీ తీర్థయాత్రలే. సత్రంలో దిగగానే నాన్నా బాబాయిలూ చాపలు పరుచుకుని నడుం వాల్చేవాళ్ళు. అమ్మా పిన్నీ మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసేవాళ్ళు. ఆర్లెండోలో మూడు రాళ్ళకు బదులు కుక్కరు వచ్చింది. పొగ లేదు, అంతే తేడా. ప్రయాణంలో అయితే పని ఇంకాస్త బరువెక్కుతుంది కూడా. ఇంట్లో ఏ డబ్బా ఎక్కడుందో చెయ్యి చూసుకుంటుంది, పరాయిచోట ప్రతిదీ వెతుక్కోవాలి. పైగా సెలవు కాబట్టి ఆమె నవ్వుతూ కూడా ఉండాలి. ఫొటోల్లో అందరూ బాగుండాలి కదా.

నాలుగో రోజు సాయంత్రం అమ్మను అడిగాను, నువ్వెప్పుడైనా మధ్యాహ్నం పడుకున్నావా అని. "నాకు పడుకోవడం రాదే" అంది. ఈత రాదు, సైకిలు రాదు అన్నట్టుగా అంది. ఆలోచిస్తే నిజమే. మా ఇంట్లో మధ్యాహ్నం కునుకు నాన్నది. అప్పుడు రేడియో గొంతు తగ్గించేవాళ్ళం, పిల్లలం గుమ్మం అవతల ఆడుకునేవాళ్ళం. అమ్మ మధ్యాహ్నాలు బియ్యంలో రాళ్ళు ఏరడానికి, వడియాలకు కాపలా ఉండటానికి, చిరిగిన పరికిణీలు కుట్టడానికి పోయేవి. మధ్యలో వారపత్రికలో సీరియల్ రెండు పేజీలు చదివేది, అదీ చేట ఒళ్ళో పెట్టుకునే. ఆ రెండు పేజీల్ని చూసి లోకం ఏమన్నదో కూడా మీకు తెలుసు: ఆడవాళ్ళు మధ్యాహ్నాలు పనిలేక నవలలు చదివి చెడిపోతున్నారని!

పనిలేక!

మా హోటల్లో గదులు శుభ్రం చేసే ఆవిడ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం నా మిత్రురాలు అన్నంత పనీ అవుతుంది. హైతీ నుంచి వచ్చిన మనిషి. నలభై దాటి ఉంటాయి. మా 'విశ్రాంతి' వేళకే ఆమె బండి మా వరండాలోకి వచ్చేది. మేం లోపల ఉన్నామని తెలిసి వెనక్కి వెళ్ళి, వేరే అంతస్తు చేసుకుని, మళ్ళీ మేం బయల్దేరాక వచ్చేది. అంటే మా మూడు గంటలు ఆమె పనివేళను రెండు ముక్కలు చేశాయి. ఒకరోజు చెల్లెలు పులిహోర పెట్టబోతే నవ్వి తలూపి, తనకు అరగంట భోజన విరామం అయిపోయిందని చెప్పింది. ఇద్దరు ఆడవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు, ఒకరి చేతిలో ప్లేటు, ఇంకొకరి చేతిలో తువాళ్ళ దొంతర. ఇద్దరిలో ఒకరికి జీతం ఉంది, ఒకరికి లేదు. కూర్చునే వీలు ఇద్దరికీ లేదు.

ఇద్దరూ ఒకటేనని నేను అనడం లేదు. ఆ బండి తోసే స్త్రీ జీవితం ముందు మా చెల్లెలి జీవితం ఎంతో సుఖమైనదే. కానీ ఆ దేశపు చట్టం చూడండి. కనీస వేతనం, అదనపు గంటల వేతనం నిర్ణయించిన 1938 నాటి సమాఖ్య కార్మిక చట్టం వయోజన కార్మికులకు భోజన విరామం గానీ విశ్రాంతి గానీ ఇచ్చి తీరాలని అడగదు. ఫ్లోరిడా రాష్ట్ర చట్టమూ అడగదు. యూనియన్ ఉన్నచోట ఒప్పందంలో రాయించుకోవాలి. లేనిచోట యజమాని దయ. మయామీ-డేడ్ కౌంటీలో పొలాల్లో, నిర్మాణ పనుల్లో ఎండలో మాడేవాళ్ళకు నీళ్ళు, నీడ, రెండు గంటలకోసారి పది నిమిషాల విరామం ఇవ్వాలని కార్మికులు పోరాడి ప్రతిపాదన తెచ్చారు. దానిమీద చర్చ నడుస్తుండగానే, ఏ స్థానిక ప్రభుత్వమూ ఎండనుంచి రక్షణ కోసం సొంతంగా ఇలాంటి నియమాలు పెట్టకూడదని రాష్ట్రం చట్టం చేసింది. అది 2024 జూలై 1న అమలులోకి వచ్చింది. అంటే ఎండ దెబ్బకు భయపడి మేం రోజూ గదికి పరిగెత్తిన ఆ నెలలోనే, అదే ఎండలో కార్మికులకు పది నిమిషాల నీడ ఇవ్వమని అడిగే అధికారం ఊళ్ళకు లేకుండా పోయింది. ఒకే ఎండ. మాకు అది 'మధ్యాహ్నం బ్రేక్', వాళ్ళకు అది నిషేధించిన కోరిక.

మన చట్టాలు ఈ విషయంలో మెరుగే. అయిదు గంటలు దాటి ఏకధాటిగా పనిచేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టం రాసింది. పనిచోట నీడ, నీళ్ళు, విశ్రాంతి వేళలు ఉండాలని 2005 ఉపాధి హామీ చట్టం రాసింది. రాసినవాటిలో ఎంత అమలయిందో మన పాఠకులకు నేను చెప్పాల్సిన పని లేదు, ఎండాకాలం ఏ పని స్థలానికి వెళ్ళినా తాటాకు పందిరి ఉందో లేదో తెలిసిపోతుంది. రాజ్యాంగం 43వ అధికరణం కార్మికులందరికీ తీరిక సంపూర్ణంగా అనుభవించే పని పరిస్థితుల కోసం రాజ్యం కృషి చేయాలంటుంది. తీరిక అన్న మాట మన రాజ్యాంగంలో ఉంది! 1948 మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణంలో విశ్రాంతి హక్కు ఉంది. అయితే ఈ రాతలన్నిటి లోనూ 'పని' అంటే కూలి వచ్చే పనే. పని అని ఒప్పుకోనిదానికి విరామం ఎక్కడనుంచి వస్తుంది?

ఒక్కచోట మాత్రం చట్టాలు ఆడదాన్ని ప్రత్యేకంగా ఆగనిచ్చాయి. మన 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం బిడ్డకు 15 నెలలు నిండేవరకు పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇచ్చింది. విరామాల మాటే ఎత్తని అమెరికా కూడా 2010లో పాలిచ్చే ఉద్యోగినులకు పాలు పిండుకునే సమయాన్నీ, బాత్రూము కాని ఒక చాటునీ ఇమ్మని చట్టం చేసి, 2022లో దాన్ని మరింతమందికి విస్తరించింది. డిస్నీ వరల్డ్ పార్కుల్లో కూడా పసిపిల్లల తల్లుల కోసం ప్రత్యేక కేంద్రాలున్నాయి, పాలివ్వడానికి చాటు, ఊగే కుర్చీలు ఉంటాయి. ఇవన్నీ కావాల్సినవే, పోరాడి తెచ్చుకున్నవే, ఒక్కటి కూడా వదులుకోమనను. కానీ ఒక సంగతి గమనించండి. ఆడదాని ఒంటికి ఆగే హక్కు ఒప్పుకున్నది ఆ ఒంట్లో ఇంకొకరి ఆహారం ఉన్నప్పుడే. అదే ఊగే కుర్చీలో చంకలో బిడ్డ లేకుండా, ఊరికే, కాళ్ళు నొప్పెడుతున్నాయని ఒక స్త్రీ కూర్చుంటే మనమే ఏమనుకుంటాం?

హైదరాబాదుకే వద్దాం. 1996లో రామోజీ ఫిలిం సిటీ వచ్చింది. 2016లో వండర్‌లా వచ్చింది. దూరం ఊళ్ళనుంచి బస్సుల్లో వచ్చే కుటుంబాలకు మధ్యాహ్నం తిరిగి వెళ్ళడానికి గది ఉండదు, ఉన్న ఒక్క రోజులో అన్నీ చూసేయాలి. వాళ్ళ విశ్రాంతి అంటే ఏదో గోడ నీడ. అక్కడ ఎవరు ఎలా కూర్చుంటారో ఈసారి వెళ్ళినప్పుడు చూడండి. మగవాళ్ళు చెప్పులు తలకింద పెట్టుకుని బారుగా పడుకుంటారు. ఆడవాళ్ళు గోడకు వీపు ఆనించి, కాళ్ళు ముడుచుకుని, ఒళ్ళో పిల్లతల, మోచేతి కింద సంచి పెట్టుకుని కూర్చుంటారు. కునుకు పట్టినా పైట మీద చెయ్యి తియ్యరు. ఇందిరా పార్కులో మిట్టమధ్యాహ్నం తుండుగుడ్డ మొహాన వేసుకుని చెట్టు కింద నిద్రపోయే మగవాణ్ణి అందరం చూశాం, పాపం అలిసిపోయాడు అనుకుంటాం. అక్కడ ఒక్క ఆడది ఒంటరిగా అలా పడుకోగలదా? పడుకుంటే ఆమెను ఎవరైనా 'అలిసిపోయింది' అనుకుంటారా? ముంబయి వీధుల మీద పరిశోధన చేసిన శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో 'వై లాయిటర్?' అనే పుస్తకంలో ఇదే అడిగారు. ఆడవాళ్ళు బయట ఉండాలంటే ఏదో ఒక పని మీద వచ్చినట్టు కనిపించాలి, ఊరికే ఉండే హక్కు కోసం ఎందుకు అడగం అని. ఇంట్లో పడుకునే వీలు లేదు, బయట పడుకునే చోటు లేదు. మరి మధ్యతరగతి గృహిణి కాళ్ళు చాపుకునేది ఎక్కడ? ఆస్పత్రి మంచం మీదా?

ఇక నా మిత్రురాలి ప్రశ్నకు వస్తాను. ఇది పైతరగతి ఆడవాళ్ళ చిన్న గొడవేనా? ఆమె పనిచేసే బీడీ కార్మికుల ఇళ్ళకు నేనూ వెళ్ళాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక భర్త నులకమంచం మీద వాలితే ఆమె చేట ఒళ్ళో పెట్టుకుని ఆకు చుట్టడం మొదలుపెడుతుంది. చూసినవాళ్ళు 'కూర్చునే పనేగా' అంటారు. మా అమ్మ చేటలో బియ్యం ఉండేవి, ఈమె చేటలో తునికాకు ఉంది. వర్గం వేరు. ఈమెకు ఆ పని మానితే రాత్రి కూడు లేదు, ఆ తేడాను చెరిపేసి మాట్లాడేవాళ్ళతో నాకూ తగువే. కానీ మంచం ఎవరిది, చేట ఎవరిది అన్న విషయంలో రెండిళ్ళూ ఒకటే. తిండీ కూలీ దొరికేదాకా విశ్రాంతి గురించి మాట్లాడకూడదని మనం అనుకుంటే, ఆ మాట ఎప్పటికీ మాట్లాడం. కోళికోడ్‌లో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు అలా అనుకోలేదు. పొద్దుణ్ణుంచి రాత్రిదాకా నిలబడి పనిచేసే ఆ స్త్రీలు 'పెణ్‌కూట్టు' అనే సంఘంగా ఏర్పడి, మాకు కూర్చునే హక్కు కావాలని అడిగారు. కూర్చోవడం కూడా హక్కేనా అని వాళ్ళనీ నవ్వారు. 2018లో కేరళ దుకాణాల చట్టాన్ని సవరించి ఆ హక్కు ఇవ్వాల్సి వచ్చింది. 2021లో తమిళనాడు కూడా చట్టం మార్చింది.

కాబట్టి అడుగుదాం. పార్కులు, ఎగ్జిబిషన్లు, యాత్రాస్థలాలు కట్టేవాళ్ళు ఆడవాళ్ళు ఒళ్ళు వాల్చగలిగే నీడపట్టు కట్టాలని, దానికి పసిబిడ్డను టికెట్టుగా చూపించనక్కర్లేదని అడుగుదాం. అక్కడ చీపురు పట్టే, టికెట్లు చింపే, బొమ్మ వేషాలేసుకుని ఎండలో చేతులూపే మనుషులకు ఆ నీడలో చోటూ, విరామానికి జీతమూ ఉండాలని అడుగుదాం. ఇంట్లో అడగడం అన్నిటికన్నా కష్టం, అక్కడ యూనియన్ లేదు. అయినా ఒకటి చేయొచ్చు. విశ్రాంతి అని రాసిన ప్రతిచోటా పక్కన ఎవరికి అని రాయాలి. ఆ వేళలో పిల్లల్ని చూసే మనిషి పేరు రాయాలి, బట్టలు తెచ్చే మనిషి పేరు రాయాలి. 'ఎవరో ఒకరు' అని రాస్తే అది ఎవరో మనకు తెలుసు.

అయిదో రోజు అలాగే చేసి చూశాం. కుక్కరు నేను పెట్టాను, బట్టలు మరిది తెచ్చాడు, చెల్లెల్ని పక్కగదిలోకి పంపి తలుపు వేశాం. పావుగంటకోసారి లోపల్నుంచి గొంతు: "అక్కా, చిన్నాడికి పెరుగన్నం చాలా?" "సన్‌స్క్రీన్ నీలం సంచిలో ఉంది." "అమ్మకి బి.పి. మాత్ర..." నిద్ర పట్టలేదన్నమాట. మరిది నా మొహం చూసి, "చూశారా వదినా, తనే పడుకోదు" అన్నాడు. ఏళ్ళ తరబడి ఒక చెయ్యి మేలుకుని పడుకున్న మనిషికి ఒక్క మధ్యాహ్నం తలుపు వేసి నిద్రపొమ్మంటే ఎలా వస్తుంది? నేను ఆ మాట అనేలోపే అమ్మ అంది: "నువ్వు వెళ్ళి ఆ గుమ్మం దగ్గర కూర్చో నాయనా. అడిగినదానికల్లా నువ్వే జవాబు చెప్పు." అతను కూర్చున్నాడు. కాసేపటికి లోపలనుంచి గొంతు రావడం ఆగింది.

ఈమధ్య చెల్లెలు ఫోన్ చేసింది. సెలవులకు ఎక్కడికో వెళ్తారట, గళ్ళ కాగితం పంపించింది. ఒంటిగంట నుంచి నాలుగు దాకా గడిలో ఈసారి మూడు పేర్లున్నాయి, మూడు పనులకీ. తన పేరు ఎదురుగా ఏమీ రాయలేదు, ఖాళీ. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంది. కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం చాలాసేపు చూసింది.

"ఆ మూడు గంటలూ అదేం చేస్తుందే?"

"పడుకుంటుందమ్మా."

"నిద్ర రాకపోతే?"

"రాకపోయినా పడుకునే ఉంటుంది."

అమ్మ ఏమీ అనలేదు. ఒళ్ళో ఉన్న చిక్కుడుకాయల చేట కింద పెట్టి, కాగితం మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది.